ట్రైనింగ్ అయినా ఆసుపత్రిలో టీబీ ఆగట్లేదా? ముందు గాలి చూడండి

"అందరికీ ట్రైనింగ్ అయిందండీ, పోస్టర్లు అంటించాం, మాస్కులిచ్చాం. అయినా మా సిస్టర్‌కి టీబీ తేలింది." కోనసీమ నుంచి నరసాపురం దాకా పీహెచ్‌సీల్లో ఈ మాట వింటూనే ఉంటాను. వెంటనే ఇంకో ట్రైనింగ్‌కి డేటు వేస్తారు. అదే హాలు, అవే స్లైడ్లు. టీబీ ఒంట్లో ఏళ్ల తరబడి అణిగి ఉండి బయటపడొచ్చు కాబట్టి, తేలిన ప్రతి కేసూ ఆసుపత్రిలోనే అంటుకుందని చెప్పలేం. అయినా ఆ డేటు వేసేలోపు ఇవి చూసుకోండి.

సమస్య: దగ్గేవాళ్లు అందరితో కలిసి గంటల తరబడి క్యూలో ఉంటున్నారు

కారణం: ట్రైనింగ్ డాక్టరుకి, నర్సులకి, ల్యాబ్ టెక్నీషియన్‌కి ఇచ్చారు. ఓపీ చీటీ రాసే మనిషినీ, వాచ్‌మన్‌నీ పిలవలేదు. దగ్గు ముందుగా వినపడేది వాళ్లకే.

పరిష్కారం: చీటీ దగ్గరే "దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అని అడిగించండి. రెండు వారాలు దాటితే మాస్కిచ్చి వరండాలో కూర్చోబెట్టి, ముందుగా చూసి పంపేయాలి. లంక నుంచి పొద్దున్నే పంటు దాటి వచ్చినాయన్ని ఆపి, దగ్గేవాళ్లని ముందు పిలిస్తే క్యూలో గొడవవుతుందని భయపడతారు. కారణం చెబితే జనం ఒప్పుకుంటారు.

సమస్య: మాస్కులున్నాయి, ఉపయోగం కనపడట్లేదు

కారణం: తారుమారయ్యాయి. రోగికి సర్జికల్ మాస్కు చాలు, తుంపర్లు బయటికి రాకుండా ఆపడానికి. పీల్చే గాలిని వడకట్టే ఎన్95 సిబ్బందికి. గడ్డం ఉంటే దాని అంచు ముఖానికి అతుక్కోదు.

సమస్య: అన్నీ పద్ధతిగానే ఉన్నాయి, ఒకే గదిలో పనిచేసేవాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి వస్తోంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కిటికీలు తెరిచే ఉంటాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు టిక్కు పెట్టి వెళ్లిపోతారు.

ముందు కిటికీకున్న దోమల మెష్ మీద వేలితో రుద్ది చూడండి. మన డెల్టాలో దోమలకి మెష్ తప్పదు, దాన్ని కడిగేవాళ్లు మాత్రం ఉండరు. దుమ్ము, నూగు పట్టి గుడ్డలా తయారవుతుంది. చూడ్డానికి కిటికీ తెరిచినట్టే, గాలి మాత్రం రాదు. రికార్డుల బీరువా ఏ కిటికీకైనా అడ్డంగా ఉందేమో కూడా చూడండి.

తర్వాత అగరొత్తి వెలిగించి, రోగి కూర్చునే స్టూలు దగ్గర, నోటి ఎత్తులో పట్టుకోండి. పొగ ఎటు పోతే రోగి ఊపిరీ అటే. సిస్టర్ కుర్చీ వైపు వస్తే అసలు కారణం దొరికినట్టే. ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి చూడాలి. సిస్టర్‌కి చెమట పడుతోందని రోగి వెనకాల పెట్టిన టేబుల్ ఫ్యాను చాలాచోట్ల ఈ పని చేస్తోంది.

అందరూ వదిలేసేది ఒకటుంది. పరీక్ష చేసేది పొద్దున. ఎండాకాలం పొద్దుట మనకి పడమటి గాలి. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. పొద్దున రోగి మీద నుంచి కిటికీలోకి పోయిన పొగ, మధ్యాహ్నం ఓపీలో నేరుగా సిస్టర్ ముఖానికే వస్తుంది. నైరుతి పోయి ఈశాన్యం పట్టాక మళ్లీ మారిపోతుంది. కాబట్టి రోజులో రెండు పూటలా చూడాలి, కాలం మారినప్పుడు మళ్లీ చూడాలి. ఇది బయటినుంచి వచ్చే ట్రైనర్ పని కాదు. ఆ గదిలో కూర్చునే ఏఎన్ఎంకి, అటెండరుకి అగరొత్తి చేతికిచ్చి నేర్పించాలి. హాల్లో స్లైడు చూస్తే రాదిది.

పరిష్కారం: గాలి తిరిగే చోట బల్లని గాలికి అడ్డంగా తిప్పండి. గాలి ఇద్దరి మధ్య నుంచి పక్కకి పోవాలి, ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి రాకూడదు. గంటకి 12 సార్లు గది గాలి మారితే, గాలిలో తేలే క్రిముల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. 2 సార్లే మారితే 138 నిమిషాలు. అంటే రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటలకి పైగా ఆ గది ఖాళీ అయినట్టు కాదు. పెరూలోని లిమా ఆసుపత్రుల్లో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద కిటికీలు, ఎత్తైన కప్పులున్న పాత భవనాల్లోనే కొత్తవాటికన్నా గాలి బాగా ఆడినట్టు తేలింది. మీ పాత పెంకుటింటి డిస్పెన్సరీని తక్కువ చేయకండి.

ఏసీ గది ఉంటే ఒక్కమాట: స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ తిప్పుతుంది, బయటి గాలి తేదు. దగ్గు రోగులని అక్కడ చూడొద్దు.

మిగతావి

కళ్లె బాత్రూంలో తీయించడం: మానేయండి, ఆరుబయట చెట్టు కింద, మనుషులకి దూరంగా తీయించండి. గోడలకి ఫినాయిలు, దుప్పట్లు ఉడకబెట్టడం: టీబీ అలా అంటుకోదు, దానికి ట్రైనింగ్ టైము ఖర్చుచేయకండి. క్రిముల్ని చంపే యూవీ దీపాలు, లోపలి గాలి బయటికి పోకుండా కట్టే నెగిటివ్ ప్రెషర్ గదులు: పెద్దాసుపత్రుల సంగతి. మీ మెష్ కడిగాక మాట్లాడదాం.