వేటమాంసం పొయ్యెక్కించే ముందు: ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు మనవాళ్లకు

అన్నిటికంటే ముందు ఆ మేకో గొర్రో ఎలా చచ్చిందో అడగండి. జబ్బుచేసి చచ్చినదాన్ని కోసి చవగ్గా వాటాలు పంచుతుంటే తీసుకోవద్దు. కోరాపుట్ జిల్లాలో ఆంత్రాక్స్ (పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బు) మళ్లీమళ్లీ రావడానికి చచ్చిన పశువుల్ని కోయడం, తినడం పెద్ద కారణం. దాని క్రిమి బీజాలు (స్పోర్లు) మామూలు ఉడుకుకి చావవు. ముక్కులోంచి రక్తం కారి గడ్డకట్టకుండా ఉంటే ఆ కళేబరాన్ని ముట్టుకోకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. ఇప్పటికే కోసినవాళ్ల చేతి మీద నొప్పి లేని నల్లటి పుండు లేస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దానికి మందుంది.

మంచి మాంసమే తెచ్చారా, అయితే:

– కోడిని కుళాయి కింద కడగొద్దు. ఆ తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద పడతాయి.
– కత్తిపీట సబ్బుతో తోమాకే ఉల్లిపాయలు తరగండి.
– ముక్క నడుమ 74 డిగ్రీల వేడి తగలాలి. లావు ముక్క విరిస్తే ఎర్రటి నీరు కనిపించిందా, ఇంకాసేపు ఉంచండి.
– మిగిలిన కూరని పెద్ద గిన్నెలోనే రాత్రంతా వదిలెయ్యకండి. నడుమ గంటలకొద్దీ గోరువెచ్చగా ఉండి క్రిములు పెరుగుతాయి, పొద్దున్న మరిగించినా కొన్ని విషాలు పోవు. వెడల్పు గిన్నెల్లోకి తీసి 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మండుటెండల్లో 1 గంటే. ఫ్రిజ్ లేకపోతే పూటకి సరిపడా వండండి.