కరెంటు వచ్చాక సర్వరు లేస్తుంది, షేరు లేవదు

పలాసలో మేం చూసుకునే జీడిపప్పు ఆఫీసులో బిల్లుల ఫైళ్లన్నీ ఒక లినక్స్ డబ్బాలో, సాంబా షేరు మీదే ఉంటాయి, అంటే నెట్‌వర్కులో మిగతా కంప్యూటర్లు తెరిచే ఫోల్డరు. గాలివానకి కరెంటు పోయి వస్తే సర్వరు ఆన్ అవుతుంది గానీ షేరు తెరుచుకోదు. ఎవరో ఒకరు వెళ్లి చేత్తో స్టార్ట్ చెయ్యాలి.

స్టార్ట్ వేరు, ఎనేబుల్ వేరు. స్టార్ట్ అంటే ఇప్పటికి నడపడం, ఎనేబుల్ అంటే సర్వరు ఆన్ అయిన ప్రతిసారీ దానంతటదే లేచేలా పెట్టడం. ముందు 'సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్ ఎస్‌ఎంబీ' కొట్టండి. డిసేబుల్డ్ అని వస్తే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ ఎస్‌ఎంబీ'. ఇప్పుడూ లేస్తుంది, రేపు రీబూటయినా దానంతటదే లేస్తుంది. ఎస్‌ఎంబీ అన్నది రాకీ, ఫెడోరా లినక్స్‌లలో సాంబా సర్వీసు పేరు. ఉబుంటు, డెబియన్‌లలో అయితే ఎస్‌ఎంబీడీ. వాటిలో ఇన్‌స్టాల్ చేసినప్పుడే మామూలుగా ఎనేబుల్ అయిపోతుంది కాబట్టి ఈ గొడవ తక్కువ.

తర్వాత 'సుడో ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ' కొట్టి, సాంబా వాడే 445 పోర్టు ఉన్న వరస చూడండి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చూపించే యాక్టివ్ అన్న పచ్చక్షరాల కంటే నేను దీన్నే నమ్ముతాను. అక్కడ 127.0.0.1 (సర్వరు తనలో తాను మాట్లాడుకునే అడ్రసు) ఒక్కటే ఉంటే సర్వీసు నడుస్తున్నా పక్క టేబులు కంప్యూటరుకి అందదు. 0.0.0.0 (అన్ని అడ్రసులూ అని) గానీ సర్వరు సొంత ఐపీ గానీ కనబడాలి. అదీ సరిగ్గానే ఉంటే ఇక ఫైర్‌వాల్ చూసుకోవడమే.

ఒక్క జాగ్రత్త. షేరు ఫోల్డరు విడిగా ఉన్న డిస్కు మీద ఉండి, ఆ డిస్కు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూటయినప్పుడు ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఫైలు) లేకపోతే ఎనేబుల్ చేసినా లాభం లేదు. షేరు తెరుచుకుంటుంది, లోపల ఖాళీ. గుమాస్తాగారు అందులోనే కొత్త బిల్లులు సేవ్ చేసేస్తే వెతుక్కోవడం మన వంతు. ముందు డిస్కుని యూయూఐడీతో (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసి, 'సుడో మౌంట్ -ఏ' కొట్టి, తప్పులేమీ చూపించకపోతేనే రీబూట్ చెయ్యండి.