కొండదారి నడక – నాలుగో పాఠం: దిగడం

బూట్లు, సంచి సర్దడం, ఎక్కేటప్పుడు అడుగూ ఊపిరీ కలపడం అయిపోయాయి. ఈసారి దిగడం. దిగడానికి కూడా పాఠం కావాలా అని మీకు అనిపిస్తే తప్పులేదు, నాకూ అలాగే అనిపించింది, ఆ ముచ్చటే ముందు చెప్తాను.

రెండేళ్ల కిందట ఆగస్టులో నేనూ మా బామ్మర్దీ ఉత్తరాఖండ్‌లో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్క్ చూద్దామని బయల్దేరాం. దానికి మూడు నెలల ముందు నుంచి పొద్దున్నే కేబీఆర్ పార్క్ చుట్టూ నడక, ఆఫీసులో లిఫ్ట్ మానేసి ఎనిమిది అంతస్తులు మెట్లెక్కడం, అంతా పద్ధతిగా చేశాను. దిగేటప్పుడు మాత్రం లిఫ్టే, ఎక్కినందుకు బహుమతి అన్నమాట! అక్కడే తప్పు చేశాను.

గోవింద్‌ఘాట్ దగ్గర పెద్ద రోడ్డు వదిలేసి, పుల్నా దాకా జీపులో వెళ్లి, అక్కణ్ణుంచి నడిచి ఘాంఘరియా చేరాం. ఘాంఘరియా దాదాపు 3,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మన హైదరాబాద్ 540 దగ్గర. మర్నాడు అక్కణ్ణుంచి సిక్కుల యాత్రాస్థలం హేమకుండ్ సాహిబ్ ఎక్కాం. 6 కిలోమీటర్ల దారి, వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుడు. బాగానే ఎక్కాను, గురుద్వారాలో వేడివేడి కిచిడీ తిన్నాను, సరస్సు ఒడ్డున ఫోటోలు దిగాను. అక్కడ రాత్రి ఉండనివ్వరు, ఆ రోజే దిగాలి. ఎక్కడం అయిపోయింది కదా, ఇంకేముంది అనుకుని వాన పడుతున్న రాతి మెట్ల మీద దడదడా దిగేశాను, మా వాణ్ని ఎక్కడో వెనక వదిలేసి. సగం దారిలో చాయ్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి మోకాలి చిప్ప కింద సూదితో పొడిచినట్టు మొదలైంది.

తెల్లారి లాడ్జిలో బాత్రూంలో కూర్చున్నవాణ్ని లేవడానికి తలుపు గడియ పట్టుకోవాల్సి వచ్చింది. మెట్లు వెనక్కి తిరిగి దిగాను, చిన్నపిల్లలు దిగినట్టు. అసలు చూద్దామని వచ్చిన పూల లోయ ఆ రోజే. గేటు దాటాక దారి పుష్పావతి నది మీది వంతెన దాకా కిందికి దిగుతుంది, తర్వాత ఎక్కుతుంది. నేను వంతెన దాకా వెళ్లి ఒక రాయి మీద కూర్చుండిపోయాను. లోయలో గుడారం వేసుకోనివ్వరు, పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రానికి బయటికి రావాల్సిందే, కాబట్టి రేపు చూద్దాం అనే మాట లేదు. మా బామ్మర్ది ఫోన్‌లో చూపించిన పూలే నేను చూసిన పూలు. ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా ఆ ఫోటోలు తీస్తాడు.

సరే, ఎందుకిలా అవుతుందంటే, ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం మన బరువుకు బ్రేక్ వేస్తూ, సాగుతూ పని చేస్తుంది. సాగుతూ బరువు మోసినప్పుడే కండరంలో చిన్న చిన్న చిరుగులు ఎక్కువగా పడతాయి. అప్పటికప్పుడు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల్లోపు నొప్పి బాగా ముదురుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చి మనల్ని ఆపుతుంది, దిగేటప్పుడు ఆపేది ఏదీ లేదు, ఊపిరి హాయిగా ఆడుతూనే ఉంటుంది, అదే మోసం. మంచి మాట ఏమిటంటే, ఒక్కసారి బాగా దిగి ఆ నొప్పి పడ్డ కండరం మళ్లీ అదే పని చేస్తే కొన్ని వారాల పాటు అంతగా నొప్పి పెట్టదు. అంటే ఆ నొప్పేదో ఇక్కడే, హైదరాబాద్‌లోనే, మన మంచం పక్కనే పడాలి.

అందుకే ఈ పాఠంలో నేను చెప్పేది తలకిందులుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు లిఫ్ట్, దిగేటప్పుడు మెట్లు. మీ అపార్ట్‌మెంట్‌లో ఐదు అంతస్తులుంటే లిఫ్ట్‌లో పైకెళ్లి మెట్ల మీద దిగండి, మళ్లీ లిఫ్ట్, మళ్లీ దిగడం, మొదటి వారం సాధన రోజున ఐదుసార్లు చాలు. మా వాచ్‌మన్ మూడో రోజు ఆగలేక, సార్ పైన ఏదైనా మర్చిపోతున్నారా అని అడిగాడు. రెండో వారం నుంచి వీపున సంచి, అందులో నాలుగు లీటర్ల నీళ్లు. ఎక్కే సాధన మానేయమని కాదు, అది రెండో పాఠంలో చెప్పినట్టు వేరే రోజుల్లో సాగుతూనే ఉండాలి.

ఇక అడుగు ఎలా వేయాలి. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగే ఉండాలి, కాలు కర్రలా బిగించి దించితే ఆ దెబ్బంతా కీలు మీదే పడుతుంది. అడుగులు చిన్నవి, చాలా చిన్నవి, చూసేవాళ్లకు ముసలాయన నడుస్తున్నట్టు కనిపించినా ఫర్వాలేదు. భయం వేసినకొద్దీ మనం వెనక్కి వాలతాం, అలా వాలితేనే మడమ జారి వెల్లకిలా పడతాం. నడుం కాళ్ల మీదే ఉండాలి, చూపు మూడు నాలుగు అడుగుల ముందు ఉండాలి. వాలు బాగా ఎక్కువగా ఉంటే నేరుగా దిగకుండా పక్కకు తిరిగి వంకరటింకరగా దిగండి. సరిగా దిగుతున్నారో లేదో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, మీ బూటు చప్పుడు వినండి. ధబ్ ధబ్ అని వినిపిస్తే పడేస్తున్నారు, ఏమీ వినిపించకపోతే దించుతున్నారు.

చేతికర్రలు రెండు ఉంటే మంచిది. ఎక్కేటప్పటి కంటే ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవు పెంచి, ముందు కర్ర ఆనించి ఆ తర్వాత కాలు దించండి. బూటు లేసు పైన చీలమండ దగ్గర బిగించాలి, పాదం ముందుకు జారకుండా. వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుంటే గోళ్లు నల్లబడతాయి. బయల్దేరే రెండు రోజుల ముందు గోళ్లు కత్తిరించుకోండి. ఇది చిన్న విషయం అనుకున్న మా బామ్మర్దికి బొటనవేలి గోరు ఊడింది, దాని ఫోటో మాత్రం ఎవరికీ చూపించడు.

టైమ్ లెక్క కూడా ఒకటి ఉంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన సూత్రం: గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. హేమకుండ్‌కు ఆ లెక్కన వేస్తే సుమారు మూడు గంటలు వస్తుంది. అది మంచి అలవాటున్న కాళ్లకు, నాకు ఐదున్నర పట్టింది. ఈ సూత్రానికి తర్వాత చేర్చిన సవరణ నాకు ఇంకా ఇష్టం. మెల్లగా వాలిన దారిలో ప్రతి 300 మీటర్ల దిగుడుకు పది నిమిషాలు తగ్గించాలి, నిటారుగా ఉంటే పది నిమిషాలు కలపాలి. అంటే నిటారు దారి దిగడానికి చదును దారి కంటే ఎక్కువ టైమ్ పడుతుంది. ప్లాన్ వేసేటప్పుడు దిగడానికి సగం టైమ్ చాలులే అని రాసుకోకండి, చీకటి పడేది అలాంటి ప్లాన్లలోనే.

ఇంకో సంగతి. ఎత్తులో తలనొప్పి, వాంతులు మొదలై తగ్గకపోతే దిగడమే అసలు మందు. కాబట్టి శిఖరం దగ్గర కాళ్లలో ఉన్నదంతా ఖర్చుపెట్టేసి చూసుకుందాంలే అనే పని పెట్టుకోవద్దు. పైన ఆగినప్పుడు ఏదైనా తిని, నీళ్లు తాగి, అప్పుడే కదలండి. కంచర గాడిదలు ఎదురొస్తే కొండ వైపే ఆనుకుని నిలబడండి, లోయ వైపు ఎప్పుడూ వద్దు, వాటి మీద ఉన్న మూట తగిలితే చాలు.

ఈ మూడు వారాల హోంవర్క్: మొదటి వారం అపార్ట్‌మెంట్ మెట్లు, మూడు రోజులు, రోజు విడిచి రోజు. రెండో వారం ఆదివారం గోల్కొండ తెరవగానే వెళ్లి కోట పైనున్న బాలాహిసార్ దాకా ఎక్కి, అసలు పని దిగేటప్పుడు చేయండి, చప్పుడు లేకుండా. మూడో వారం ఉప్పల్ నుంచి బస్సెక్కి భువనగిరి కోటకు, ఎందుకంటే అక్కడ మెట్లతో పాటు నున్నటి బండ వాలు కూడా దొరుకుతుంది. ఎండిన బండ బూటును బాగా పట్టుకుంటుంది, తడిస్తే మాత్రం దాని జోలికి పోకండి, మెట్ల మీదే దిగండి. చివరి సాధన ప్రయాణానికి పది రోజుల ముందే ముగించాలి. ఇదివరకే మోకాలి జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

గోల్కొండ దిగిన మర్నాడు సోమవారం ఆఫీసులో కుర్చీలోంచి లేవడం కష్టంగా ఉంటే కంగారు పడకండి, బుధవారానికి ఎలా ఉందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం వానలో నడక, దానికి ఆ కాగితం కావాలి.