ఏడిప్ పథకం కింద సహాయక ఉపకరణం: దరఖాస్తు విధానం, ఎంపికలో జాగ్రత్తలు

దివ్యాంగులకు ఉపకరణాలు సమకూర్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం 1981 నుంచి అమలులో ఉంది. దీని కింద ఒకసారి సహాయం పొందినవారు సాధారణంగా మూడేళ్ల వరకు, పన్నెండేళ్ల లోపు పిల్లలైతే ఏడాది వరకు, మళ్లీ కోరడానికి వీలుండదు కాబట్టి, ఏ ఉపకరణం కావాలో తేల్చుకున్నాకే దరఖాస్తు చేయడం మేలు.

వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. అన్ని మార్గాల నుంచీ వచ్చే నెలసరి ఆదాయం రూ. 22,500 దాటకపోతే పథకం పరిమితికి లోబడి పూర్తి ఖర్చు, రూ. 30,000 వరకు ఉంటే సగం ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. ఇతరులపై ఆధారపడినవారి విషయంలో తల్లిదండ్రుల లేదా సంరక్షకుల ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటారు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు కార్డు) లేదా వైకల్య ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, ఫొటోలు సిద్ధం చేసుకుని జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో, ఎవరికి ఏ ఉపకరణం తగునో తేల్చే ఎంపిక శిబిరం తేదీలు తెలుసుకోవాలి. ఉపకరణాలు తయారుచేసే కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ ఎలిమ్కో జిల్లా యంత్రాంగంతో కలిసి ఈ శిబిరాలు నిర్వహిస్తుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసమైతే సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థను సంప్రదించవచ్చు.

అసలు నిర్ణయం జరిగేది ఎంపిక శిబిరంలోనే. అక్కడి నిపుణులు కొలతలు తీసుకుంటారు గానీ, మీ ఇంటి గుమ్మం వెడల్పు, వీధి తీరు, రోజువారీ పని వారికి తెలియవు. అవి మీరే చెప్పాలి. చక్రాల కుర్చీ అడిగేవారు గుమ్మం కొలిచి వెళ్లాలి, స్పర్శ తెలియని శరీరభాగాలుంటే ఒత్తిడి పుండ్లు రాకుండా తగిన దిండు గురించి తప్పక అడగాలి. వినికిడి యంత్రానికి ఇటీవలి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష నివేదిక) ఉంటే మంచిది. చూపు లేనివారికి ఆండ్రాయిడ్ ఫోను ఇప్పటికే ఉంటే తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ అందులోనే ఉంటుంది, కంప్యూటరుకు అదే పని చేసే ఎన్‌వీడీఏ కూడా ఉచితమే, కాబట్టి ఫోనుకు బదులు అడ్డంకులను పసిగట్టి హెచ్చరించే స్మార్ట్ కర్ర అడగడం తెలివైన పని కావచ్చు. మోటారు మూడు చక్రాల బండికి పదహారేళ్లు నిండి, వైకల్యం 80 శాతం ఉండాలి. పక్కవారికి వచ్చిందని దానికే పట్టుబట్టడం సరికాదు.

ఉపకరణాలను సాధారణంగా ఆ తర్వాత జరిగే మరో శిబిరంలో పంపిణీ చేస్తారు. సంతకం చేసే ముందు వాడి చూసి, ఎక్కడైనా ఒరుసుకున్నా వదులైనా అక్కడే సరిచేయించుకోవాలి, మరమ్మతు కోసం ఎవరిని సంప్రదించాలో రాయించుకోవాలి.