60 దాటితే గుయ్‌మంటోందా? టైర్లు మార్చే ముందు బేరింగ్ చూడండి

అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు హైవే మీద పోతుంటే పామిడి దాటినాక మొదలైంది. ముల్లు 60 దాటగానే కింద నుంచి గుయ్‌మని రొద. వేగం పెంచేకొద్దీ పెరుగుతోంది. పాటల సౌండు పెంచి గుత్తి దాకా దాన్ని మరిచిపోయా. ఊరికొచ్చినాక షాపులో టైర్లు అరిగాయన్నారు, రెండు కొత్తవి వేయించా. మర్నాడు అదే రొద. పోయింది ముందు ఎడమ పక్క వీల్ బేరింగ్, అంటే చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే, బాల్స్ నింపిన ఉంగరం.

రొద టైరుదా, బేరింగ్‌దా?

బేరింగ్ చప్పుడు చక్రం వేగంతో పెరుగుతుంది, ఇంజన్‌తో కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 70లో ఒక్క క్షణం క్లచ్ తొక్కి పట్టండి. ఇంజన్ చప్పుడు తగ్గినా రొద తగ్గకపోతే చక్రాల దగ్గర వెతకాలి.

టైరు రొద రోడ్డును బట్టి మారుతుంది. నున్నటి తారు మీద తగ్గి, గరుకు సిమెంటు మీద పెరుగుతుంది. బేరింగ్‌కు ఆ తేడా పెద్దగా ఉండదు. అనుమానం తీరకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు వేయించండి. రొద కూడా టైరు వెంట పోతే తప్పు టైరుదే. పంచర్ షాపులో అయ్యే పని. నేను అదొక్కటి చేసుంటే రెండు టైర్ల డబ్బు మిగిలేది.

ఏ పక్కదో చెప్పడానికి చెవిని నమ్మొద్దు. నాకు కుడిపక్క నుంచే వస్తున్నట్టు వినబడింది. మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి, కుడికి తిప్పితే రొద పెరిగి ఎడమకు తిప్పితే తగ్గిందంటే ఎడమ బేరింగ్ మీద అనుమానపడాలి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టక్ టక్‌మంటే ఇంజన్ శక్తిని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ చూడాలి. బ్రేకు తొక్కితేనే కీచుమంటే ప్యాడ్లు. వాటికీ దీనికీ సంబంధం లేదు.

జాకీ ఎత్తి చూస్తే

ముందు చక్రం తిప్పాలంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి. అందుకే సమంగా ఉన్న నేల మీద హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డం పెట్టండి. జాకీ ఎత్తాక స్టాండు పెట్టాల్సిందే. ఇంటి ముందున్న తాడిపత్రి బండలు పేర్చి సరిపెట్టేవాళ్లను చూశా. అవి నేల మీద పరచడానికి, కారు కింద పెట్టడానికి కాదు.

చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. కటకటమని ఆడిందా, ఇంట్లోవాళ్లను బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ (సస్పెన్షన్ కీలు) దగ్గర చూడాలి. పక్కల పట్టి ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివర).

నా బండికి ఆట అస్సల్లేదు. దొరికింది ఇంకో రకంగా. బ్రేకు వదిలేయించి, ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద పెట్టి, ఇంకో చేత్తో చక్రం తిప్పా. ఇసుక మీద గాజుగ్లాసు రుద్దినట్టు గరగర వేళ్లకు తెలిసింది. కుడిపక్క స్ప్రింగు పట్టుకుంటే ఏమీ లేదు.

ఎందుకు పోయింది?

ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే జిల్లాలో బేరింగ్‌కు నీళ్లు తగలడమేంటి అనుకుంటాం. 2022 అక్టోబరులో పండమేరు వాగు పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మా బండి ఒక రాత్రంతా హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మునిగేలా నిలబడింది. అప్పుడేమీ కాలేదు. నెలల తర్వాత విప్పితే గ్రీజు పాలు కలిసిన కాఫీ రంగులో ఉంది, బాల్స్ మీద తుప్పు చుక్కలు.

గుంతలో వేగంగా పడటం, బరువు ఎక్కువ వేయడం, బయటికి పొడుచుకొచ్చే వెడల్పు అల్లాయ్‌లు వేయించడం కూడా బేరింగ్ ఆయుష్షు తగ్గిస్తాయి. 'గ్రీజు కొడితే సరిపోతుంది' అన్న మాట అంబాసిడర్ కాలానిది. ఇప్పటి బేరింగ్ సీలుతో వస్తుంది, పోతే మార్చడమే.

మార్చేటప్పుడు పక్కనే నిలబడండి

కొన్ని కార్లకు హబ్, బేరింగ్ కలిపి ఒకటే యూనిట్, బోల్టులు విప్పి మార్చేస్తారు. చాలా చిన్న కార్లకు ముందు బేరింగ్ నకిల్‌లో (చక్రాన్ని సస్పెన్షన్‌తో కలిపే ఇనుప భాగం) బిగుతుగా దిగి ఉంటుంది, దానికి ప్రెస్ మెషిన్ కావాలి. మొదట నేను పోయిన షెడ్డులో అది లేదు. "సుత్తితో దించేస్తాం అన్నా, రోజూ చేసేదే" అన్నారు. కొత్త బేరింగ్ కొన్ని వారాలకే కూత పెట్టింది.

కారణం ఇదీ. నకిల్‌లోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రేసు (బేరింగ్ బయటి ఉంగరం) మీదే పడాలి. తర్వాత హబ్ దించేటప్పుడు లోపలి రేసుకు కింద ఆనిక ఉండాలి. అది తప్పితే ఒత్తిడంతా బాల్స్ మీదుగా పోయి రేసులో సొట్టలు పడతాయి. కంటికి కనబడవు, 60లో వినబడతాయి. రెండోసారి నకిల్ విప్పించి ప్రెస్ ఉన్న లేత్ షాపుకు నేనే మోసుకుపోయా.

చక్రం మధ్యలో ఉండే యాక్సిల్ నట్టును చక్రం నేల మీద ఉండగానే వదులు చేయించండి. విప్పిన క్యాలిపర్‌ను (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టించండి. పాత లోపలి రేసు హబ్‌కే అంటుకుని వస్తుంది. దాన్ని తీసేటప్పుడు హబ్ మీద గ్రైండర్ గాటు పడితే హబ్ కూడా మార్చాలి. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బేరింగ్‌కు ఒక పక్క అయస్కాంతపు పట్టీ ఉంటుంది, అది సెన్సార్ వైపు రావాలి. తిరగేసి దించితే డాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, పనంతా మళ్లీ మొదటికి.

యాక్సిల్ నట్టు కొత్తదే వేయించండి. మాన్యువల్లో చెప్పినంత టార్క్‌కు, టార్క్ రెంచితోనే, బండి బరువు చక్రం మీద పడకముందే బిగించాలి. గాలి గన్నుతో గిర్రున తిప్పి వదిలేస్తే ఒప్పుకోవద్దు. స్ట్రట్ (స్ప్రింగు కూర్చునే స్తంభం) బోల్టులు విప్పారు కాబట్టి అలైన్‌మెంట్ కూడా చూపించాలి. రెండోపక్కది బాగుంటే దాన్ని కదిలించొద్దు.

ఆట మొదలైన చక్రంతో బండి నడపొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. రొద మాత్రమే ఉంటే నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు, తిరుపతి ప్రయాణం మాత్రం వాయిదా వేయండి.

పనయ్యాక పాటలు ఆపి, అద్దాలు ఎత్తి మళ్లీ పామిడి దాకా పోయొచ్చా. చప్పుడు లేదు. టైర్లు కూడా కొత్తవే కదా.