గోధుమ ఎలా విత్తాలి? ఒకే రకానికి రెండు రకాల దిగుబడి ఎందుకొస్తుంది?

పంజాబ్, హర్యానాల్లో పక్కపక్క పొలాల్లో ఇద్దరూ హెచ్‌డీ 2967 అనే గోధుమ రకమే వేస్తారు, ఒకరికి బస్తాలు బాగా వస్తాయి, ఇంకొకరికి తగ్గుతాయి, తగ్గినాయన విత్తనాన్ని తిడతాడు. చాలాసార్లు తేడా విత్తిన తీరులోనే ఉంటుంది.

ముందు తేదీ చూసుకోండి. అక్కడ వరి కోశాక నవంబరు మూడో వారం దాటకుండా విత్తేయాలి. ఆలస్యమైతే గింజ పాలు పోసుకునే వేళకు ఎండ తగిలి ముడుచుకుపోతుంది. 2022 మార్చిలో ఎండలు ముందే ముదిరితే సకాలంలో వేసిన చేలే దెబ్బతిన్నాయి, ఇక ఆలస్యపు చేల సంగతి చెప్పేదేముంది! డిసెంబరు వచ్చేస్తే తక్కువ కాలం రకం తీసుకుని ఎకరానికి 40 కిలోల బదులు 50 కిలోలు వేయండి, ఎందుకంటే చలిలో పిలకలు తక్కువొస్తాయి.

తర్వాత గింజలు లెక్కపెట్టండి, తూకం ఒక్కటే చాలదు. వెయ్యి గింజలు 40 గ్రాములు తూగితే 40 కిలోల్లో పది లక్షల గింజలుంటాయి, అంటే చదరపు మీటరుకు దాదాపు 250. గింజ లావుగా ఉన్న రకానికి అదే తూకం వేస్తే మొక్కలు తగ్గిపోతాయి.

ఇప్పుడు అసలు పని. చేత్తో వెదజల్లితే కొన్ని గింజలు పైనే ఉండి పిట్టల పాలవుతాయి, కొన్ని మరీ లోతుకు పోతాయి. ఈ పొట్టి రకాల మొలక తొడుగు, అంటే మొలకను మట్టిలోంచి పైకి తెచ్చే గొట్టం, చిన్నది, లోతులో పడితే పైకి రాలేదు. అందుకే విత్తనగొర్రుతో 20 సెంటీమీటర్ల సాళ్లలో, 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతున, పదును ఉండగానే వేయండి. ట్రాక్టరును కాస్త నడిపి, మట్టి తీసి చూడండి, మీటరు సాలుకు 50 గింజల దాకా కనిపించాలి. ఈ ఒక్క పని మానకండి.

వరి కొయ్యకాళ్లు ఉన్న పొలమైతే తగలబెట్టకండి, దయచేసి. హ్యాపీ సీడర్ అనే ట్రాక్టరు యంత్రం ఆ గడ్డిలోనే విత్తేస్తుంది, దున్నే రోజులూ డీజిలూ మిగులుతాయి, నేల కదలదు కాబట్టి గుల్లీ డండా అనే కలుపు కూడా తక్కువ మొలుస్తుంది.

బోదెల మీద, అంటే ఎత్తుగా చేసిన మట్టి కట్టల మీద, రెండు మూడు సాళ్లు వేస్తే ఎకరానికి 30 కిలోల విత్తనం సరిపోతుంది, నీళ్లూ కలిసొస్తాయి, పైరు పడిపోదు. కానీ దుబ్బు కట్టి ఖాళీ నింపుకునే రకాలకే ఇది బాగుంటుంది. పిలకలు తక్కువ పెట్టే రకాన్ని బోదెలెక్కిస్తే మధ్య జాగా వృథా అయిపోతుంది, దానికి దగ్గర సాళ్లే మంచివి.

ఏ పద్ధతైనా విత్తిన 20-22 రోజులకు మొదటి తడి తప్పించకండి, పిలకలకు ఊతమిచ్చే వేర్లు అప్పుడే పుడతాయి.

మీకే తేల్చుకోవాలని ఉంటే ఒకే రకాన్ని, ఒకే రోజున, అర ఎకరం సాళ్లలో, అర ఎకరం బోదెల మీద వేసి, కోతకు ముందు రెండు చోట్లా నాలుగేసి చదరపు మీటర్లలో కంకులు లెక్కపెట్టి, ఆ గింజలు విడిగా నూర్చి తూచండి.