వంటింటి చెత్తతో కోళ్ళ దాణా: బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగుల్ని పెంచడం ఎలా?

విశాఖలో పెరట్లో నాటుకోళ్ళు పెంచేవాళ్ళకి దాణా ఖర్చే టెన్షన్. రైతుబజార్లో పారేసే కూరగాయల తుక్కు, ఇంట్లో మిగిలిన అన్నం పెట్టి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగుల్ని పెంచితే, అవే కోళ్ళకి మేతవుతాయి. కాకపోతే ఏం పెడితే ఏం తయారవుతుందో తెలుసుకుని పెట్టాలి.

ముందుగా మూతున్న ప్లాస్టిక్ టబ్బు అడుగున సన్నటి రంధ్రాలు చేసి, నీడలో పెట్టండి. మగ్గిన అరటిపండ్లు, తడిపిన తవుడు వేసి, పైన అట్టపెట్టె ముక్కలు వేలాడదీసి, ఈగ దూరేంత సందు వదలండి. ఈ ఈగ తిండి మీద కాదు, దాని పక్కనున్న పొడి సందుల్లో గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులకి పిల్లలొస్తాయి. ఇది కుట్టదు, ఇంట్లో వంటల మీద ముసరదు కూడా.

ఇక మేత. అన్నం, అరటిపండులోని పిండిపదార్థం పురుగు ఒంట్లో గ్లూకోజ్‌గా, తర్వాత కొవ్వు తయారీకి ముడిసరుకైన ఎసిటైల్ కోఎగా మారుతుంది. ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్ దాంట్లోంచి రెండేసి కార్బన్లు కలుపుతూ కొవ్వు గొలుసు పెంచుతుంది. చాలా జీవుల్లో ఆ గొలుసు ముఖ్యంగా 16 కార్బన్ల దాకా వెళ్తుంది. ఈ పురుగులో ఎక్కువ భాగం 12 దగ్గరే ఆగిపోతుంది. అదే లారిక్ యాసిడ్, కొబ్బరినూనెలో దండిగా ఉండేది! ఒక్క కొబ్బరి ముక్క వెయ్యకపోయినా పురుగు దాన్ని సొంతంగా తయారుచేసుకుంటుంది. నాకు ఇందులో అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది ఇదే.

ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో యాసిడ్ల దగ్గర మాత్రం దాని ఆటలు అంతగా సాగవు. గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌కు నైట్రోజన్ తగిలించి అలనిన్ అనే అమైనో యాసిడ్ చేసుకోగలదు. లైసిన్, మెథియోనిన్ మాత్రం మనలాగే తిండిలోంచి తెచ్చుకోవాల్సిందే. అందుకే వట్టి అన్నం పెట్టి ఊరుకోకండి, వేరుశనగ చెక్క కలపండి. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల వ్యర్థాలు తెచ్చి కొద్దిగా వేస్తే పురుగుల్లోకి ఒమేగా-3 కూడా చేరుతుంది. ఎక్కువైతే వాసన భరించలేం.

మేతను గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. మన సముద్రపు ఉక్కకు తడి తొందరగా ఆరదు కాబట్టి పొడి తవుడు దగ్గర పెట్టుకోండి. 27-30 డిగ్రీల వేడి వీటికి హాయి. మే నెలలో డాబా మీద పెట్టారో, చచ్చిపోతాయి.

రెండు మూడు వారాల్లో, ఇంకా లేత రంగులో ఉండగానే తీయండి. నల్లబడితే తినడం మానేసి పొడిచోటు కోసం పాకిపోతాయి, పైతోలూ గట్టిపడుతుంది. మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, ఎండబెట్టి, మామూలు దాణాలో కొంచెంగా కలపండి. ఎండిన పురుగులో దాదాపు 40 శాతం ప్రొటీన్, 30 శాతం కొవ్వు ఉంటాయి. మేతను బట్టి ఇవి మారుతుంటాయి. నల్లబడ్డవాటిలో కొన్నిటిని పొడి రంపపు పొట్టులో వదిలేయండి. అవే ఈగలై మళ్ళీ గుడ్లు పెడతాయి.